థెరపీ కుక్కలు, వాటితో వెళ్లే మనుషులు: వరంగల్ వాలంటీర్లను అందరూ అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో కుక్కల్ని పెంచుకునే కొందరం కలిసి ఆదివారాలు వృద్ధాశ్రమాలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులకు, పిలిచిన ఆసుపత్రులకు మా కుక్కల్ని తీసుకెళ్తుంటాం. జీతం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. ఫోన్లో, భద్రకాళి బండ్ మీద నడుస్తున్నప్పుడు, పశువుల దవాఖాన వరండాలో మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాశాను. ఎక్కువమంది కుక్కల గురించే అడుగుతారు. నడిపే మనుషుల గురించి కూడా అడగాలని నా కోరిక, అందుకే ఆ భాగం కొంచెం పొడుగ్గా రాశాను.

థెరపీ కుక్క అంటే ఏమిటి?

ఇంట్లో మనతో పాటు పెరిగే మామూలు కుక్కే. కాకపోతే కొత్త మనుషులంటే బెదరదు, ముట్టుకుంటే ఇష్టపడుతుంది, గోల మధ్యలో కూడా కుదురుగా కూర్చుంటుంది. దాన్ని పెంచుకునే మనిషే వెంటబెట్టుకుని, ముందే మాట్లాడుకున్న చోటికి వెళ్లి, ఒంటరిగా ఉన్నవాళ్ల దగ్గర, మంచం పట్టినవాళ్ల దగ్గర, మాట సరిగా రాని పిల్లల దగ్గర కాసేపు కూర్చోబెడతారు. షేక్‌హ్యాండ్ ఇప్పించడం, గెంతించడం లాంటివి ఉండవు. ఒక అవ్వ దాని తల మీద చెయ్యి వేసి, "మా బాయికాడ గిట్లాంటిదే ఒకటుండె బిడ్డా, రాత్రిపూట ఎవ్వర్నీ రానియ్యకపోయేది" అని మొదలుపెడుతుంది. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని ఆశ్రమంవాళ్లు మాకు చెప్పింది ఆ అవ్వ గురించే. మేం వెళ్లేది ఆ మాట కోసం.

చూపు లేనివాళ్లకు దారి చూపే కుక్కలు ఇవేనా?

కాదు, అవి సర్వీస్ కుక్కలు. ఒక్క మనిషి అవసరం కోసం నెలల తరబడి శిక్షణ పొంది ఆ మనిషితోనే ఉంటాయి. పనిలో ఉన్నప్పుడు వాటిని ఇంకొకరు ముట్టుకోకూడదు. థెరపీ కుక్కనైతే నలుగురూ ముట్టుకోవడానికే తీసుకెళ్తాం. ఎక్కడికైనా వెళ్లే హక్కు దీనికి లేదు. రమ్మని ఆ ఆశ్రమమో, బడో, ఆసుపత్రో కాగితం మీద రాసిస్తేనే గేటు దాటుతాం.

ఇది వైద్యమా? జబ్బు తగ్గుతుందా?

తగ్గుతుందని మేం ఎప్పుడూ చెప్పం. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. కుక్కను నిమురుతున్నప్పుడు టెన్షన్ తగ్గడం, మనసు నెమ్మదించడం, పక్కవాళ్లతో మాట కలవడం పరిశోధకులు చాలాసార్లు గమనించారు. మేం చూసేదీ అదే. మందులు మానొద్దు, డాక్టర్ దగ్గరకు వెళ్లడం మానొద్దు. కొన్నిచోట్ల ఫిజియోథెరపిస్టే మమ్మల్ని పిలుస్తారు. పక్షవాతం వచ్చిన పెద్దాయన రబ్బరు బంతి పిసకమంటే విసుక్కుంటారు, కుక్క వీపు దువ్వమంటే దువ్వుతారు. ఏ చేత్తో, ఎంతసేపు అన్నది థెరపిస్టు చెప్పాల్సిన విషయం. మేం కుక్కను సరైన ఎత్తులో కూర్చోబెట్టి నోరు మూసుకుని ఉంటాం.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో న్యూగినీ అడవిలో ఒక గోతిలో దొరికిన చిన్న యార్క్‌షైర్ టెరియర్ జాతి కుక్క కథ ఎక్కువమంది చెబుతారు. దాని పేరు స్మోకీ. పెంచుకున్న అమెరికన్ సైనికుడు బిల్ విన్‌కు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడితే, స్నేహితులు దాన్ని ఆయన మంచం దగ్గరకు తెచ్చారు. నర్సులు చూసి, గాయపడ్డ మిగతా సైనికుల దగ్గరకు కూడా తమతో పాటు తిప్పారు. 1960లలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్టు, తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడుతున్నారని రాశారు. మొదట తోటి సైకాలజిస్టులు పట్టించుకోలేదు.

నాకు మాత్రం ఎలేన్ స్మిత్ గురించి చెప్పడం ఇష్టం. ఆమె నర్సు. ఇంగ్లండ్‌లో పనిచేసేటప్పుడు ఒక మతగురువు తన గోల్డెన్ రిట్రీవర్‌తో రోగులను చూడటానికి రావడం గమనించి, అమెరికా తిరిగి వెళ్లాక 1976లో న్యూజెర్సీలో వాలంటీర్లతో థెరపీ కుక్కల సంస్థ మొదలుపెట్టారు. వార్డులో డ్యూటీ చేసిన మనిషికి వార్డుకు ఏం కావాలో తెలుస్తుంది. మన దేశంలో ముంబైలో యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్, చెన్నైలో బ్లూ క్రాస్ ఈ పని చేసి చూపించాయి.

మీ సంస్థను ఎవరు నడుపుతారు?

వాలంటీర్లే. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక అన్న, ఒక కాలేజీ లెక్చరర్, ఇద్దరు గృహిణులు, ఒక స్టాఫ్ నర్సు, మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుకునే పిల్లలు కొందరు, నేను. పనులు పంచుకున్నాం. ఒకరు ఫోన్లు తీసుకుని ఏ ఆదివారం ఎక్కడికో రిజిస్టర్‌లో రాస్తారు. ఒకరు కుక్కల టీకా కార్డులు చూస్తారు, తేదీ దాటితే ఎంత దగ్గరివాళ్ల కుక్కైనా ఆపేస్తారు. ఒకరు కొత్త చోటికి కుక్క లేకుండా ముందుగా వెళ్లి చూసొస్తారు: మెట్లున్నాయా, నేల జారుతుందా, పిల్లులున్నాయా, ఆవరణలో ఊరకుక్కలు తిరుగుతున్నాయా అని. ఇద్దరు కొత్త కుక్కల్ని పరీక్షిస్తారు. రెండేళ్లకోసారి పనులు మార్చుకుంటాం.

మొదటి నుంచీ గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. ఎవరి కుక్కను వాళ్లు పరీక్షించుకోకూడదు. ఈ బృందాన్ని మొదలుపెట్టిన వాళ్లలో నేనొకరిని. మొదలుపెట్టిందే మా బ్రూనో కోసం. ఇంట్లో వాడంత నెమ్మదైన కుక్క లేదని నా నమ్మకం. పరీక్ష రోజు చక్రాల కుర్చీ పక్కనుంచి వెళ్లగానే మంచం కిందికి దూరాడు. రెండోసారి, మూడోసారి కూడా అంతే. పరీక్షించిన నర్సమ్మ నాకంటే పదేళ్లు చిన్న. "అక్కా, వీడికి భయంగా ఉంది, తీసుకురావద్దు" అని మెల్లగా చెప్పింది. నెల రోజులు నాకు మనసు కుదురుకోలేదు. కానీ ఆ రోజు ఆమె నా మొహం చూసి సర్దుకుపోయి ఉంటే, ఈ సంస్థ అక్కడితోనే పాడయ్యేది. బ్రూనో ఇప్పటికీ ఇంట్లోనే ఉంటాడు, నేను కుక్క లేకుండానే వెళ్తాను.

కుక్క లేకుండా వెళ్లి ఏం చేస్తారు?

మా దగ్గర ప్రతి కుక్కతోనూ ఇద్దరు వెళ్తారు. ఒకరు దాన్ని పెంచుకునేవాళ్లు, తాడు వాళ్ల చేతిలోనే ఉంటుంది. రెండోవాళ్లను మేం 'తోడు' అంటాం. తోడు వెళ్లిన మనిషి అవ్వలతో, తాతలతో ముచ్చట పెట్టడం కంటే ముందు కుక్కను చూస్తుండాలి. టైము చూస్తుండాలి. ఎవరైనా వెనక నుంచి వచ్చి కౌగిలించుకోబోతే ఆపాలి. కుక్కకు ఇబ్బందిగా ఉందనిపించిన క్షణం "చాలు" అనాలి. ఆ మాట విన్నాక కుక్క మెడలోని నీలం రుమాలు తీసేస్తాం. రుమాలు తీశామంటే ఆ రోజుకు పని అయిపోయింది. ఎదురుగా ఎవరున్నా, ఎంతమంది ఇంకా వరసలో ఉన్నా, బయటికి వచ్చేస్తాం. ఎందుకని అడగడం ఇంటికి వచ్చాకే.

ఈ నియమం ఒక తప్పు నుంచి వచ్చింది, ఆ తప్పు నాది. మొదటి ఏడాది ఒక బడికి వెళ్లాం. ఎనిమిది మంది పిల్లలని ముందే మాట్లాడుకున్నాం. వెళ్లేసరికి మూడు తరగతుల పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. పెద్దసారు ఎంతో సంతోషంగా ఎదురొచ్చారు, మాకు టీ తెప్పించారు. ఆ రోజు తోడు నేనే. కుక్క ఆవులించడం చూశాను. నాలుకతో మూతి నాకుకోవడం చూశాను. మొహం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం కూడా చూశాను. ఇవన్నీ భయానికి, అలసటకు గుర్తులని నాకు తెలుసు, మిగతావాళ్లకు నేర్పింది నేనే. అయినా ఇంత ఆదరించిన చోట మధ్యలో లేస్తే బాగుండదని ఊరుకున్నాను. ఒక పాప దాని చెవి పట్టుకుంది. కుక్క గుర్రుమంది. కరవలేదు, పళ్లు తాకలేదు, కానీ పాప బెదిరిపోయి ఏడ్చింది. ఆ పాప మళ్లీ ఏ కుక్కనూ ముట్టుకుని ఉండదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కుక్క చెప్పాల్సింది ముందే చెప్పింది. నేను ఆపలేదు.

అందుకే కొత్తగా ఎవరైనా నాయకత్వంలోకి వస్తామంటే నేను చూసేది ఒకటే. సంతోషంగా ఉన్న గది మధ్యలో లేచి, మర్యాదగా, గొంతు పెంచకుండా, "ఈరోజుకు చాలండి" అనగలరా? సభలు నడపడం, చందాలు వసూలు చేయడం మెల్లగా నేర్చుకోవచ్చు.

మా కుక్క పనికొస్తుందా? ఏ జాతి కావాలి?

జాతితో పనిలేదు. ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు ఎక్కువగా వస్తాయి, నిజమే. కానీ మా దగ్గర అందరికంటే ఎక్కువ చోట్లకు వెళ్లింది మల్లి. వడ్డేపల్లి చెరువు దగ్గర వానలో తడుస్తూ దొరికిన నాటు కుక్క. ఎండకు మన కుక్కలు తట్టుకున్నంతగా బొచ్చు కుక్కలు తట్టుకోవు. పైగా మల్లిని చూసి పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు "ఇది మన ఊరిదే" అని దగ్గరికి పిలిచేవాళ్లు. ల్యాబ్రడార్‌ను చూస్తే "ఎంత పెట్టి కొన్నరు?" అని అడుగుతారు.

వయసు ఏడాది దాటాలి. మీతో కనీసం ఆరు నెలలుగా ఉండాలి, లేకపోతే దాని భయం ఎలా ఉంటుందో మీకే తెలియదు. ఇంటి కాపలాకు మొరిగేలా అలవాటు చేసిన కుక్క వద్దు. ఎప్పుడైనా, ఎవరినైనా కరిచిన కుక్క వద్దు, అది ఆటలో కరిచిందని మీరు అన్నా సరే. పచ్చి మాంసం పెట్టే ఇళ్ల కుక్కలను కూడా తీసుకోం, ఎందుకంటే దాని సూక్ష్మక్రిములు కుక్క నోటి నుంచి రోగుల చేతికి వెళ్తాయి. ఉడికించి పెట్టండి.

పరీక్ష ఎలా ఉంటుంది?

మూడు వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ అరగంట. ఒక స్టీలు కంచం వెనక పడేస్తాం. ఉలిక్కిపడొచ్చు, కానీ వెంటనే సర్దుకోవాలి. చేతికర్రతో, వాకర్‌తో, చక్రాల కుర్చీతో పక్కనుంచి నడుస్తాం. ముసుగు వేసుకున్నవాళ్లు, గొంగడి కప్పుకున్నవాళ్లు, తలపాగా చుట్టుకున్నవాళ్లు వచ్చి పలకరిస్తారు. పాదాలు, చెవులు, తోక పట్టుకుని చూస్తాం. నేల మీద బిస్కెట్ పడేసి "వద్దు" అంటే వదిలేయాలి. ఇది ముఖ్యం, వార్డు నేల మీద బిస్కెట్ పడొచ్చు, మాత్ర కూడా పడొచ్చు. చివరగా ఇంకో కుక్కను ఎదురుగా నడిపిస్తాం.

కుక్కతో పాటు మిమ్మల్ని కూడా చూస్తుంటాం. తాడు గుంజి గుంజి కుక్కను కూర్చోబెట్టే మనిషిని వెనక్కి పంపిస్తాం.

టీకాల సంగతి ఏమిటి?

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, పశువుల డాక్టర్ చెప్పిన ప్రకారం ప్రతి ఏడాదీ. డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బులు రాకుండా కలిపి ఇచ్చే టీకా. మూడు నెలలకోసారి నట్టల మందు. ఒంటి మీద పిడుదులు లేవని ప్రతిసారీ బయలుదేరే ముందు వెతికి చూస్తాం, వానాకాలంలో మరీ. ముందురోజు స్నానం, గోళ్లు కత్తిరించడం. ముసలివాళ్ల చర్మం పల్చగా ఉంటుంది, చిన్న గోరు తగిలినా చీరుకుంటుంది.

వీధి కుక్కలంటేనే మాకు భయం. కుక్కను దవాఖానకు తెస్తారా?

ఈ భయాన్ని మేం తక్కువ చెయ్యం. 2023 మే నెలలో కాజీపేటలో వీధి కుక్కలు మీద పడి ఎనిమిదేళ్ల బాబు చనిపోయాడు. మా బృందంలో ఇద్దరి ఇళ్లు ఆ చుట్టుపక్కలే. తర్వాత కొన్ని నెలలు మేం ఎక్కడికీ వెళ్లలేదు, వెళ్లడం న్యాయం అనిపించలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొన్ని పద్ధతులు మార్చుకున్నాం.

కుక్కను నేరుగా లోపలికి తీసుకెళ్లం. ముందు తోడు వెళ్లే మనిషి ఒక్కరే వెళ్లి, మంచం మంచానికీ అడుగుతారు. "వద్దు" అన్నవాళ్ల మంచం దగ్గరకు, ఆ వరసలోకి కూడా కుక్క రాదు. "మా కుక్క ఏమనదు, ఒకసారి ముట్టుకోండి" అని బతిమాలడం మా దగ్గర నిషేధం. భయపడే మనిషిని బలవంతం చేసి ధైర్యం నేర్పలేం. పిల్లల బడుల్లో మాత్రం ముందుగా కుక్క లేకుండా ఒక రోజు వెళ్లి కొన్ని విషయాలు నేర్పుతాం: తింటున్న కుక్క దగ్గరకు, పిల్లలతో ఉన్న తల్లి కుక్క దగ్గరకు పోవద్దు. వెంటపడితే పరుగెత్తొద్దు, చేతులు ఒంటికి ఆనించుకుని చెట్టులా నిలబడాలి, కళ్లలోకి చూడొద్దు. కింద పడితే ముడుచుకుని చెవులు, మెడ చేతులతో కప్పుకోవాలి. నన్నడిగితే మేం కుక్కతో చేసే పని కంటే ఈ ఒక్క గంట ఎక్కువ అవసరం.

వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించే బాధ్యత 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది. మాది ఆ పని కాదు, కానీ కాలనీవాళ్లు అడిగితే దరఖాస్తు రాయడంలో సాయం చేస్తాం.

ఒకవేళ కరిస్తే?

మా కుక్క అయినా, ఎవరి కుక్క అయినా చేయాల్సింది ఒకటే. వెంటనే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే చాలా పొడుగ్గా అనిపిస్తుంది, గడియారం చూసి కడగండి. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం, వరంగల్ ఎంజీఎంలో కూడా. డాక్టర్ చెప్పిన తేదీలన్నీ పూర్తి చెయ్యాలి, నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానొద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయంతో ఇప్పటికీ కొందరు దాస్తారు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి 20 ఏళ్లు దాటింది, ఇప్పుడు భుజానికే వేస్తారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఏ డాక్టరూ దాదాపు ఏమీ చేయలేరు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మాతో వచ్చిన కుక్క పన్ను గానీ గోరు గానీ ఎవరికైనా తగిలి రక్తం వస్తే, ఆ మనిషితో మా వాలంటీర్ ఆసుపత్రికి వెళ్తారు, ఖర్చు మాది. ఆ కుక్క మళ్లీ ఎక్కడికీ రాదు.

ఏ వార్డులకు వెళ్లరు?

ఐసీయూ, కాలిన గాయాల వార్డు, ఆపరేషన్ గదుల వైపు, బాలింతల వార్డు, టీబీ వార్డు, వంటగది, భోజనాల గది. కీమోథెరపీ నడుస్తున్నవాళ్ల దగ్గరకు వాళ్ల డాక్టర్ రాసిస్తేనే. కుక్క వెంట్రుకలు పడనివాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు గదిలో ఉంటే బయట వరండాలో కూర్చుంటాం. ముట్టుకునే ముందు, తర్వాత అందరూ చేతులు కడుక్కోవాలి. కుక్కను మంచం ఎక్కించం. ఎక్కించమని రోగి అడిగితే, నర్సు ఒప్పుకుంటే, ఉతికిన దుప్పటి ఒకటి వేసి దాని మీదనే.

మతపరంగా అభ్యంతరాలు వస్తాయా?

వస్తాయి, గౌరవిస్తాం. నమాజు చదివే పెద్దవాళ్లలో చాలామంది కుక్క ఎంగిలి తగిలితే కడుక్కుని శుద్ధి కావాలనుకుంటారు. మాలలో ఉన్న స్వాములు దూరంగా ఉంటామంటారు. అందుకే అడగకుండా ఎవరి దగ్గరకూ వెళ్లం. అడిగితే చాలాసార్లు వాళ్లే దారి చెబుతారు. ఒక ముస్లిం పెద్దాయన ప్రతిసారీ తన కుర్చీ కొంచెం దూరంగా వేయించుకుని మల్లిని చూస్తూ కూర్చునేవారు, "దానికి నీళ్లు పెట్టిండ్రా?" అని మమ్మల్నే అడిగేవారు. ఇంకో తాత మల్లిని చూసినప్పుడల్లా ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్న కథ మొదటి నుంచీ చెప్పేవారు. మేం వినేవాళ్లం.

తినడానికి ఏమైనా పెట్టొచ్చా?

దయచేసి పెట్టొద్దు. అవ్వలు ప్రేమతో కొంగులో దాచిన లడ్డూ తీస్తారు, అందులో కిస్‌మిస్ ఉంటుంది. కిస్‌మిస్, ద్రాక్ష కుక్క కిడ్నీలను పాడుచేస్తాయి. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా విషమే. ఉడికించిన కోడి ఎముక చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. అవ్వ చెయ్యి ఖాళీగా పంపకుండా, మేం తెచ్చిన ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు ఆమె చేతికే ఇచ్చి పెట్టిస్తాం.

ఎండాకాలం ఏం చేస్తారు?

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిన్నరలోపే ముగిస్తాం. ఎండ మరీ ముదిరితే అసలు వెళ్లం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని చల్లదనం, పాదాల అడుగున కాస్త చెమట. వరంగల్‌లో 44 డిగ్రీలున్న రోజు సిమెంటు నేల మీద దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. అరచేతి వెనక వైపు నేలకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చెయ్యి తట్టుకోకపోతే దాని కాలూ తట్టుకోదు.

పుట్టినరోజులకు, కాలేజీ ఫెస్టులకు వస్తారా?

రాం. డీజే ఉన్న చోటికి అసలే రాం. దీపావళి వారం, వినాయక నిమజ్జనం రోజు కుక్కలన్నీ ఇళ్లలోనే. బతుకమ్మకు ఒక ఆశ్రమంవాళ్లు పిలిస్తే పాటలు అయిపోయాక, అందరూ అలసి కూర్చున్నప్పుడు వెళ్లాం. అది బాగా కుదిరింది.

ఫోటోలు తీసుకోవచ్చా?

కుక్కను తీసుకోండి. మనుషుల ముఖాలు వద్దు. పిల్లలవీ, ఆసుపత్రిలో పడుకున్నవాళ్లవీ అసలే వద్దు. వాలంటీర్లు స్టేటస్‌లు పెట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది, దీని మీద మా దగ్గర రెండుసార్లు గొడవ కూడా అయింది.

ఎంత సమయం ఇవ్వాలి? డబ్బులేమైనా కట్టాలా?

నెలకు రెండు ఆదివారాలు, ఒక్కోసారి రానూపోనూ కలిపి మూడు గంటలు. లోపల ఉండేది ముప్పావు గంటే. డబ్బు కట్టక్కర్లేదు, మేమూ ఎవరి దగ్గరా తీసుకోం. ఆటో ఛార్జీలు, కుక్క ఖర్చు ఎవరిది వాళ్లే. చదువుకునే పిల్లలకు ఆటో డబ్బు మిగతావాళ్లం కలిపి ఇస్తాం. 18 ఏళ్లు నిండాలి.

కరీంనగర్‌లో, జగిత్యాలలో, మంచిర్యాలలో మేం మొదలుపెట్టాలంటే?

మొదలుపెట్టండి, నేను వచ్చి సాయం చేస్తాను. పేరు, లోగో, టీషర్టులు ముందు పెట్టుకోవద్దు. ముగ్గురు మనుషులు, ఒక కుక్క, ఒక పశువుల డాక్టర్, ఒకే ఒక వృద్ధాశ్రమం చాలు. ఆరు నెలలు అక్కడికే వెళ్లండి. జగిత్యాల వైపువాళ్లకు కోరుట్లలోనే వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడివాళ్లతో ముందు మాట్లాడండి. సొసైటీగా రిజిస్టర్ చేసుకోవాలంటే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురు దొరికేదాకా ఆగాల్సిన పనిలేదు, కానీ టీకా రికార్డులు, వెళ్లిన రోజుల రిజిస్టర్ మొదటి రోజు నుంచే రాయండి. ఎప్పుడు ఆపారో, ఎందుకు ఆపారో కూడా అందులో రాయండి. మా రిజిస్టర్‌లో ఆపిన రోజుల పేజీలే కొత్తవాళ్లతో మొదట చదివిస్తాం.

నాయకత్వం ఒక్కరి చేతిలో పెట్టొద్దు. అందరికీ ఇష్టమైన కుక్క ఎవరిదో వాళ్ల మాటే నడవడం ఇలాంటి బృందాల్లో వచ్చే మొదటి జబ్బు.

వాలంటీర్లు అలసిపోరా?

అలసిపోతారు. ప్రతి నెలా చూసిన తాత మంచం ఒక ఆదివారం ఖాళీగా కనిపిస్తుంది. దాని గురించి ఎవరూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోతే అది లోపలే ఉండిపోతుంది. అందుకే వెళ్లొచ్చిన ప్రతిసారీ బయట హోటల్లో టీ తాగి, పది నిమిషాలు కూర్చుని, ఏం చూశామో చెప్పుకుని విడిపోతాం. మూడు నెలలు రాలేనంటే ఎందుకని అడగం. తిరిగి వస్తే మళ్లీ తోడుగానే మొదలుపెడతారు.

కుక్క ముసలిదైతే?

పరుగెత్తుకుంటూ వచ్చే కుక్క ఒక రోజు గేటు దగ్గర ఆగి మన మొహం చూస్తుంది. కార్లోంచి దిగడానికి ఆలోచిస్తుంది. ఎవరైనా నడుము మీద చెయ్యి వేస్తే పక్కకు జరుగుతుంది, అక్కడ నొప్పి ఉంటుంది. ఇలాంటివి రెండు కనిపిస్తే డాక్టర్‌కు చూపించి, పని మాన్పిస్తాం. మాన్పించడం పెంచుకున్నవాళ్లకే కష్టం, కాబట్టి ఆ మాట వాళ్లతో తోడు వెళ్లే మనిషి చెబుతారు.

మల్లి విషయంలో ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. మల్లిని పెంచుకునే ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత సరే అంది. మొదటి ఆదివారం పొద్దున్నే మల్లి తలుపు దగ్గరకు వెళ్లి, కొక్కేనికి వేలాడుతున్న నీలం రుమాలు కింద కూర్చుందట. ఇప్పుడు ఆ రుమాలు బీరువాలో పెట్టేశారు. ఆదివారాలు అదే టైముకు దాన్ని వడ్డేపల్లి చెరువు గట్టు మీదికి తీసుకెళ్తారు, అది నడిచినంత దూరమే.